ఒకే హత్య, రెండు బొమ్మలు

1793 జూలై 13న పారిస్‌లో ఫ్రెంచ్ విప్లవ నాయకుడు, పత్రికా రచయిత మరాను స్నానపు తొట్టిలో ఉండగానే షార్లెట్ కోర్డే కత్తితో పొడిచి చంపింది. అదే హత్యను ఆనాటి ఫ్రెంచ్ చిత్రకారుడు దావీద్ ఒకలా గీశాడు, 1860లో మరో చిత్రకారుడు పాల్ బోద్రీ ఇంకోలా గీశాడు.

దావీద్ మరాకు స్నేహితుడు. కొన్ని నెలల్లోనే బొమ్మ పూర్తి చేశాడు. అందులో హంతకురాలు కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం మాత్రం మరా ఎడమ చేతిలో ఉంటుంది. చర్మవ్యాధితో నానా యాతన పడ్డ మనిషి ఒళ్లు పాలరాయిలా నున్నగా ఉంది. వేలాడే కుడిచెయ్యి చూస్తే శిలువ నుంచి దించిన క్రీస్తు గుర్తొస్తాడు. పక్కన మామూలు చెక్కపెట్టె. దాని మీద ఒక నోటు, ఐదుగురు పిల్లల తల్లికి ఆ డబ్బు ఇవ్వమని చీటీ. నన్ను కదిలించేది మాత్రం దుప్పటికి వేసిన మాసిక. పేదల మనిషి అని చెప్పడానికి అదొక్కటి చాలు! పై సగమంతా ఖాళీ చీకటి, గుడిలో నిశ్శబ్దంలా.

బోద్రీ బొమ్మలో ఆ నిశ్శబ్దం లేదు. కుర్చీ పడిపోయింది, మరా మెలికలు తిరుగుతున్నాడు. కిటికీ వెలుగులో, గోడ మీది ఫ్రాన్స్ మ్యాపు ముందు కోర్డే నిలబడి ఉంది. ఇక్కడ వీరురాలు ఆమే.

నా ఓటు దావీద్‌కే. కానీ ఆ బొమ్మను నమ్మేముందు బోద్రీది కూడా చూడాలి. దావీద్ చెరిపేసిన మనిషి అక్కడ ఉంది.