ప్రిలాక్స్ క్రీమ్: సూదికి గంట ముందు మొదలయ్యే పని

ట్యూబు మీద రాసి ఉండేది లిగ్నోకెయిన్ 2.5 శాతం, ప్రిలోకెయిన్ 2.5 శాతం. పిల్లలకి రక్తం తీసేముందో, క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టేముందో చర్మానికి తిమ్మిరెక్కించే మందు. అయిదు మార్కులకి నాలుగిస్తాం. పిల్లల డాక్టరుని అడిగాకే కొనండి.

“రాశాం, ఏం పనిచెయ్యలేదు” అనేవాళ్ళు చాలావరకు దీన్ని విక్సులా మర్దనా చేసి, పది నిమిషాలకే చెయ్యి చాపించినవాళ్ళే. రుద్దకూడదు. 5 గ్రాముల ట్యూబులో అయిదో వంతు, అంటే 1 గ్రాము, నరం కనిపించే చోట తెల్లగా కుప్పలా పెట్టాలి. పైన టెగాడెర్మ్ లాంటి పల్చటి ప్లాస్టరు అంచులన్నీ అంటుకునేలా వెయ్యాలి. 3 మిల్లీమీటర్ల లోతుకి తిమ్మిరి దిగడానికి గంట పడుతుంది, 5 మిల్లీమీటర్లకి రెండు గంటలు. టెక్కలిలో బస్సెక్కేముందు పెడితే శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగేసరికి లెక్క సరిపోతుంది. కింద చెప్పిన మొత్తం మోతాదు దాటకుండా రెండు చేతులకీ పెట్టండి, ఒకచోట నరం దొరక్కపోతే రెండోది ఉంటుంది.

క్రీమ్ తుడిచాక చర్మం పాలిపోయి నరం సన్నబడుతుంది. వెంటనే గుచ్చితే సిస్టరుకి దొరకదు, పిల్లడికి రెండో పోటు తప్పదు. పది పదిహేను నిమిషాలు ఆగమనండి, తిమ్మిరి ఎక్కడికీ పోదు. ఇంకో చిక్కు, గుంటలు ప్లాస్టరు పీకి నోట్లో పెట్టుకుంటారు. నోరూ గొంతూ మొద్దుబారితే పొరబోతుంది. పాత సాక్సు వేళ్ళ వైపు కత్తిరించి చేతికి తొడిగేస్తే ఆ బెంగ ఉండదు.

మోతాదు దగ్గర మాత్రం “కొంచెం ఎక్కువైతే ఏముందిలే” అనుకోవద్దు. మూడు నెలల లోపు పసివాళ్ళకి డాక్టరు చెబితేనే, అదీ మొత్తం 1 గ్రాము, ఒక్క గంట. మూడు నెలలు దాటి ఏడాది నిండనివాళ్ళకి, 5 కిలోలు మించి ఉంటే, మొత్తం 2 గ్రాములు. మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. అప్పుడు క్రీమ్ తుడిచేసి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఏడాది లోపు బిడ్డ సల్ఫా మందులు వాడుతున్నా, ఏ వయసు పిల్లలకైనా జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నా డాక్టరుకి ముందే చెప్పాలి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్న పిల్లల్ని మాటిమాటికీ రక్తపరీక్షకి తెచ్చేవాళ్ళు జీ6పీడీ సంగతి ఒకసారి తేల్చుకోవడం మంచిది.

పుట్టిన బిడ్డకి రక్తం కోసం మడమ మీద గుచ్చేటప్పుడు ఇది పనికిరాదు. టీకా సూది కండలోకి దిగుతుంది కాబట్టి చర్మం మొద్దుబారినా లోపలి నొప్పి కొంత ఉంటుంది. పసిబిడ్డకైతే టీకా వేస్తుండగా రొమ్ము పట్టించడమే మేలు. ఏడుపు ఆపడానికని ఏడాది లోపు తేనె మాత్రం నాకించొద్దు.

ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, ఇది భయాన్ని ముట్టుకోదు. “అల్లరి చేస్తే సూదేయించేస్తాను” అని ఏడాది పొడుగునా బెదిరించిన ఇంట్లో ఏ క్రీమూ పనిచెయ్యదు. “ఏం చెయ్యరమ్మా, ఊరికే చూస్తారు” అని తీసుకెళ్ళడం అంతకన్నా చెడ్డది, మర్నాడు స్టెతస్కోపు చూసినా ఏడుస్తారు. రెండు మూడేళ్ళ పిల్లలకి గదిలోకి వెళ్ళేముందు చెబితే చాలు. నాలుగైదేళ్ళవాళ్ళకి ఆ పొద్దున్నే, ఏడు దాటినవాళ్ళకి ముందురోజే చెప్పాలి. మాటలు ఇంతే: “చల్లటి దూదితో తుడుస్తారు. తరవాత నొక్కినట్టుంటుంది. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు.” నలుగురు పట్టుకుని బల్ల మీద అదిమేకన్నా అమ్మ ఒళ్ళో, ఛాతీకి ఛాతీ ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి పక్కకి చాపిస్తే సిస్టరుకీ సుళువు.

సూది కన్నా ప్లాస్టరు పీకినప్పుడు గోల చేసే పిల్లలుంటారు. పైకి లాగకండి, అంచు పట్టుకుని చర్మం వెంబడే పక్కకి సాగదీస్తే పట్టు వదులుతుంది. నాలుగేళ్ళు దాటినవాళ్ళకి ఆ పని వాళ్ళకే ఇవ్వండి, క్రీమ్ తుడిచేది మాత్రం మీరే.