బాల్డర్స్ గేట్ 2 మేజ్‌ల గైడ్ డబ్బు పెట్టి కొంటున్నారా? కొనేముందు ఇది చదవండి

బాల్డర్స్ గేట్ 2 అనే కంప్యూటర్ ఆటలో రక్షణ మంత్రాలు కప్పుకుని నిలబడే శత్రు మేజ్‌ల (మంత్రగాళ్ల) దగ్గర ఇరుక్కుపోయినవాళ్లను చూసుకుని, "ఏ మేజ్‌నైనా ఒక్క రౌండ్‌లో పడగొట్టండి" అంటూ (రౌండ్ అంటే ఆటలో ఆరు సెకన్లు) ఒక పీడీఎఫ్ గైడ్, దాంతోపాటు కొన్ని సేవ్ ఫైళ్లు అమ్ముతున్నారు. అమ్మేవాళ్ల పేరుతో ఇక్కడ పని లేదు, ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో ఇంకోచోట కనిపిస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. అందులో రాసింది నమ్మి ఆడి, ప్రతిసారీ పార్టీ (మన ఆరుగురి జట్టు) మొత్తం చచ్చి, చివరికి ఆటే బాగాలేదని వదిలేయడం ఇంకో ఎత్తు. ఆటలో లోపం లేదు. గైడ్‌లో ఉంది. ఎక్కడెక్కడ ఉందో, దాని బదులు ఏం చేయాలో వివరంగా రాస్తున్నాం.

అసలు జబ్బు ఏమిటంటే, ఇది మూడు చోట్ల నియమాలు ఒకే గిన్నెలో కలిపి వండిన గైడ్. ఒకటి, 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2, దానికే 2013లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్. ఇవి ఏడీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే ఆట) రెండో ఎడిషన్ నియమాల మీద నడుస్తాయి. రెండోది, 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3. అది ఐదో ఎడిషన్, లెక్కలన్నీ వేరు. మూడోది, స్వోర్డ్ కోస్ట్ స్ట్రాటజెమ్స్ అనే మోడ్, అంటే ఆటగాళ్లు తయారుచేసి ఆటకు అతికించుకునే మార్పులు. ఏ వాక్యం ఏ ఆటకు చెందిందో గైడ్ ఎక్కడా చెప్పదు. కొత్తగా ఆడేవాళ్లకు అది తెలిసే దారీ లేదు.

మొదటి పేజీలోనే తప్పు మొదలవుతుంది: "మేజ్‌ని కొడితే ఏకాగ్రత చెదిరి రక్షణలు రాలిపోతాయి" అని. ఏకాగ్రత అనే నియమం బాల్డర్స్ గేట్ 3ది. బాల్డర్స్ గేట్ 2లో దెబ్బ తగిలితే మేజ్ ఆ క్షణాన చదువుతున్న మంత్రం ఒక్కటే చెడుతుంది. అప్పటికే ఒంటి మీదున్న స్టోన్‌స్కిన్ (ఆయుధం దెబ్బల్ని ఆపే మంత్రం) గానీ స్పెల్ టర్నింగ్ (మంత్రాల్ని తిప్పికొట్టే మంత్రం) గానీ అలాగే ఉంటాయి. పైగా స్టోన్‌స్కిన్ ఉండగా మామూలు కత్తి దెబ్బ ఒంటికే తగలదు, చదువుతున్న మంత్రమూ చెడదు. అదే పేజీలో చెప్పిన కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి మంత్రాన్ని మధ్యలోనే ఆపే మంత్రం) ఈ ఆటలో లేనే లేదు. దాని స్క్రోల్ కోసం అంగళ్లన్నీ వెతికి గంటలు పోగొట్టుకోకండి.

రెండో తప్పు అన్నిటికన్నా ఖరీదైనది: "బ్రీచ్ వేయండి, కొట్టండి." బ్రీచ్ రక్షణలు ఊడదీసే చాలా మంచి మంత్రం, కాదనేవాళ్లు లేరు. కానీ మేజ్ ఒంటి మీద ఉండే రక్షణలు రెండు జాతులవి. ఆయుధాన్ని ఆపేవి ఒక జాతి: స్టోన్‌స్కిన్, ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజికల్ వెపన్స్, మాంటిల్, అబ్సల్యూట్ ఇమ్యూనిటీ లాంటివి. మంత్రాన్ని ఆపేవి ఇంకో జాతి: స్పెల్ డిఫ్లెక్షన్, స్పెల్ టర్నింగ్, స్పెల్ ట్రాప్, గ్లోబ్ ఆఫ్ ఇన్‌వల్నరబిలిటీ, స్పెల్ ఇమ్యూనిటీ. బ్రీచ్ ఊడదీసేది మొదటి జాతిని. రెండో జాతిని ఊడదీయడానికి సీక్రెట్ వర్డ్ (4వ స్థాయి), స్పెల్ థ్రస్ట్ (5), పియర్స్ మ్యాజిక్ (6), రూబీ రే ఆఫ్ రివర్సల్ (7), వార్డింగ్ విప్ (7), స్పెల్‌స్ట్రైక్ (9) ఉన్నాయి. గైడ్‌లో వీటి పేర్లు ఒక పట్టికలో ఉన్నాయి గానీ, ఏది దేనికి అన్న ముక్క మాత్రం లేదు. ఆ ఒక్క ముక్క కోసమే కదా ఎవరైనా గైడ్ కొనేది!

బ్రీచ్ వృథా అయ్యే సందర్భాలు చూడండి. మేజ్ స్పెల్ ఇమ్యూనిటీని (ఎంచుకున్న ఒక వర్గం మంత్రాలను ఆపేది) అబ్జురేషన్ అనే మంత్రాల వర్గానికి పెట్టుకుంటే, బ్రీచ్ అదే వర్గానికి చెందింది కాబట్టి పనిచేయదు. దానికి రూబీ రే కావాలి. మేజ్ ఇంప్రూవ్డ్ ఇన్‌విజిబిలిటీలో (మాయమయ్యే మంత్రంలో) ఉంటే ఏకంగా గురి పెట్టడమే కుదరదు. ఇక లిచ్‌లకు (చచ్చాక కూడా తిరిగే మంత్రగాళ్లకు) 1 నుంచి 5 స్థాయి వరకు ఏ మంత్రమూ అంటదు, బ్రీచ్ 5వ స్థాయిది. "లిచ్ మీద కూడా బ్రీచ్ చాలు" అని గైడ్ ధీమాగా రాసింది చూడండి, అది మోడ్ వేసుకున్న ఆటలోని మాట. ఆ మోడ్‌లో బ్రీచ్ లిచ్‌లకు, రాక్షస అనే జీవులకు తగిలేలా మార్చారు, అదే మార్పులో స్పెల్ టర్నింగ్‌ను దాటకుండా కూడా కట్టడి చేశారు. గైడ్ సగం చెప్పి సగం వదిలేసింది. కాబట్టి మోడ్ లేనివాళ్లకు లిచ్ దగ్గర, ఉన్నవాళ్లకు స్పెల్ టర్నింగ్ దగ్గర, ఇద్దరికీ బ్రీచ్ బూడిదలో పోసిన పన్నీరే.

మూడోది డిస్పెల్ మ్యాజిక్, అంటే పడి ఉన్న మంత్రాలను తుడిచేసే మంత్రం. "ఆరుగురిలో ఇద్దరి చేత వేయిస్తే అన్నీ పోతాయి" అట. లెక్క ఇది: మూలం 50 శాతం. వేసేవాడి లెవల్ (పాత్ర ఎదిగిన మెట్టు, మంత్రం స్థాయి కాదు) ఎదుటివాడికన్నా ఎక్కువైతే ఒక్కో లెవల్‌కు 5 శాతం పెరుగుతుంది, తక్కువైతే ఒక్కో లెవల్‌కు 10 శాతం తగ్గుతుంది. మీ మేజ్ 10వ లెవల్, ఎదుటివాడు 14 అనుకోండి, 50లో 40 పోయి మిగిలేది 10 శాతం. అదే మీరు 14, వాడు 10 అయితే 70 శాతం. కష్టమైన మేజ్‌లు సాధారణంగా మనకన్నా పై లెవల్‌లోనే ఉంటారు కాబట్టి మామూలు డిస్పెల్ మీద ఆశ పెట్టుకోకండి. ఇన్‌క్విజిటర్‌ది మాత్రం వేరే సంగతి. ఆ తరగతి పాలడిన్ (ధర్మయోధుడు) డిస్పెల్ తన లెవల్‌కు మించిన బలంతో, దాదాపు రెప్పపాటులో పడుతుంది, మాయలను బట్టబయలు చేసే ట్రూ సైట్ కూడా సొంతంగా ఉంటుంది. టెంపుల్ డిస్ట్రిక్ట్ కింద మురుగు కాలువల్లో దొరికే కెల్డోర్న్ అలాంటివాడే. గైడ్‌లో అతని పేరు ఒక్కసారి కూడా రాలేదు! ఒకటి గుర్తుంచుకోండి, అతని డిస్పెల్ ఆ పరిధిలో ఉన్న మనవాళ్ల రక్షణలను కూడా ఊడ్చేస్తుంది. అందుకే మనవాళ్లు మేజ్ దగ్గరికి చేరకముందే వేయించాలి.

ఇప్పుడు సరైన వరస. తలుపు తీయగానే ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. మేజ్ ఇంకా చెయ్యి ఎత్తకముందే ఒంటి చుట్టూ రెండు మూడు మెరుపులు ఒకేసారి మెరుస్తాయి, ఒక మనిషి నలుగురైదుగురిగా కనిపిస్తాడు. అది ముందే కట్టిపెట్టుకున్న కంటింజెన్సీ లేదా స్పెల్ ట్రిగర్. వెంటనే పాజ్ చేయండి. సెట్టింగుల్లో శత్రువు కనపడగానే ఆటో పాజ్ అయ్యేలా పెట్టుకుంటే ఇంకా మంచిది. కింద డైలాగ్ పెట్టెలో పడిన మంత్రాల పేర్లు ఒక్కొక్కటీ చదవండి. యుద్ధంలో సగం ఈ చదవడమే. కత్తి పట్టుకున్నవాళ్లను అప్పుడే ముందుకు తోయకండి.

ముందు కళ్లు తెరవాలి, అంటే ట్రూ సైట్. మేజ్‌కి 6వ స్థాయి, క్లెరిక్‌కి (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారికి) 5వ స్థాయి. ఇది మిర్రర్ ఇమేజ్, బ్లర్, ఇన్‌విజిబిలిటీ మూడింటినీ తీసేస్తుంది, ఉన్నంతసేపూ ప్రతి రౌండ్‌కూ మళ్లీ చూస్తుంది. ట్రూ సైట్ పడ్డాక కూడా మాయమైన మేజ్ బయటపడలేదంటే స్పెల్ ఇమ్యూనిటీ డివినేషన్‌కు (ట్రూ సైట్ ఉండే వర్గానికి) పెట్టాడని అర్థం. అప్పుడు గురి పెట్టనక్కర్లేని ఇన్‌క్విజిటర్ డిస్పెల్ వేయించండి, అది లేకపోతే కంటికి కనిపించనంత దూరం వెనక్కి తగ్గి అతని రక్షణల గడువు అయిపోయేదాకా ఆగండి.

తర్వాత మంత్రాన్ని ఆపే పొరలు. ఇక్కడ మొదటి దెబ్బగా ఖరీదైన రూబీ రే వాడకండి. పైన స్పెల్ షీల్డ్ ఉంటే, పొరలు తీసే మంత్రాల్లో మొదటిదాన్ని అది మింగేసి పోతుంది. ముందు చౌకగా సీక్రెట్ వర్డ్ విసిరి దాన్ని ఖర్చు చేయించండి, ఆ తర్వాత రూబీ రే. మూడు నాలుగు పొరలు కనిపిస్తే వార్డింగ్ విప్ మేలు, రౌండ్‌కు ఒకటి చొప్పున మూడు రౌండ్లు తీస్తుంది. స్పెల్ థ్రస్ట్ 5వ స్థాయి, అంతకు లోపు పొరలకే. స్పెల్ టర్నింగ్ 7వ స్థాయిది, దానికి థ్రస్ట్ సరిపోదు.

అప్పుడు బ్రీచ్. ఆ వెంటనే, అదే రౌండ్‌లో, కత్తులన్నీ ఒక్కసారి పడాలి. ఆలస్యమైతే మేజ్ మళ్లీ స్టోన్‌స్కిన్ కప్పుకుంటాడు.

బ్రీచ్ చేతిలో లేకపోయినా దారులున్నాయి. ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజికల్ వెపన్స్ నాలుగు రౌండ్లు, అంటే 24 సెకన్లే ఉంటుంది. పేరులోనే ఉంది, అది ఆపేది మాయా ఆయుధాలను. ఒకరి క్విక్ స్లాట్‌లో (వెంటనే చేతికి అందే చోట) ప్లస్, అంటే మాయా బలం చెప్పే అంకె, ఏమీ లేని మామూలు కత్తి ఒకటి ఉంచితే అది దాటి తగులుతుంది. మాంటిల్ దీనికి తిరగబడి ఉంటుంది, దానికి ప్లస్ 3, ఆపై ఆయుధం కావాలి. స్టోన్‌స్కిన్ మేజ్ రెండు లెవల్స్‌కు ఒక పొర, 18వ లెవల్ వాడికి తొమ్మిది. దెబ్బకొకటి ఊడుతుంది, కాబట్టి వేగంగా కొట్టేవాళ్లను వదలండి. డియర్నిస్ కోటలో దొరికే ఫ్లెయిల్ ఆఫ్ ఏజెస్ ఇక్కడ ఎంతో విలువైనది: దాని అగ్ని, చలి, ఆమ్లం దెబ్బ స్టోన్‌స్కిన్‌ను దాటి తగులుతుంది, చదువుతున్న మంత్రం చెడుతుంది. డ్రూయిడ్ (ప్రకృతి పూజారి) ఉంటే పురుగుల దండును వదిలే ఇన్‌సెక్ట్ ప్లేగ్ కూడా అంతే, పురుగులు స్టోన్‌స్కిన్‌నూ మిర్రర్ ఇమేజ్‌నూ లెక్కచేయవు.

లిచ్‌కు మామూలు ఆయుధాలు కూడా అంటవు కాబట్టి, అది ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజికల్ వెపన్స్ వేసుకున్న ఆ 24 సెకన్లు కొట్టడం శుద్ధ దండగ. 15వ లెవల్ చేరిన క్లెరిక్ యానిమేట్ డెడ్ మంత్రంతో వచ్చే స్కెలిటన్ వారియర్‌కు 90 శాతం మ్యాజిక్ రెసిస్టెన్స్ (మంత్రం అంటకుండా పోయే అవకాశం) ఉంటుంది, దాన్ని ముందు నిలబెట్టి మనవాళ్లు వెనక్కి రావాలి. ప్రొటెక్షన్ ఫ్రమ్ అన్‌డెడ్ స్క్రోల్ చదివినవాళ్లనైతే లిచ్ పట్టించుకోదు. సిటీ గేట్స్‌లోని క్రూకెడ్ క్రేన్ సత్రం రహస్య గదిలో ఉండే లిచ్‌కు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. డెమిలిచ్ కాంగాక్స్ జోలికి మాత్రం ప్లస్ 4 ఆయుధం లేకుండా వెళ్లొద్దు. అది వేసే ఇంప్రిజన్‌మెంట్‌కు (మనిషిని బంధించి మాయం చేసే మంత్రానికి) బెర్సర్కర్ అనే యోధుడి రేజ్ (ఉన్మాదం) గట్టి అడ్డు.

గైడ్‌లో ఇంకో ప్రమాదకరమైన సలహా: "వీధిలోనే బఫ్‌లన్నీ (బలం పెంచే మంత్రాలన్నీ) వేసుకుని ఇంట్లోకి వెళ్లండి." ఆటలోని అత్కాట్లా నగరంలో ఆరుబయట మేజ్ మంత్రం వేస్తే కౌల్డ్ విజార్డ్స్ అనే మంత్రగాళ్ల కాపలా సంఘం దిగుతుంది. మొదటిసారి హెచ్చరిస్తారు, తర్వాత యుద్ధమే. గవర్నమెంట్ డిస్ట్రిక్ట్‌లో 5000 బంగారు నాణేలు కట్టి లైసెన్స్ తీసుకోండి, లేదా లోపలికి వెళ్లాకే మంత్రాలు వేయండి. క్లెరిక్ మంత్రాలకు ఈ గొడవ లేదు.

సేవ్ ఫైళ్ల సంగతి రెండు మాటల్లో: అవి మోడ్‌లు వేసిన ఆటలో తీసినవి. ఆ మోడ్‌లు లేని ఆటలో తెరిస్తే వస్తువులు మాయమవుతాయి, ఆట ఆగిపోతుంది. మీ సొంత సేవ్‌ల ఫోల్డర్‌లో వాటిని కలపకండి, ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోండి.

ఇలాంటి గైడ్ ఏదైనా కొనాలనిపిస్తే, డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ ఎడిషన్‌కు, మోడ్ ఉన్న ఆటకా లేనిదానికా? లిచ్ మీద బ్రీచ్ పనిచేస్తుందా? స్పెల్ షీల్డ్ ఉన్న మేజ్ మీద మొదట ఏ మంత్రం వేయాలి? రెండో ప్రశ్నకు "మోడ్‌ను బట్టి" అని కాకుండా సూటిగా "అవును" అని జవాబొస్తే కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడిగేటప్పుడు కౌంటర్‌స్పెల్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. ఆటలోనే లేని మంత్రం అది, దాని మీద వాళ్లు వాదించలేరు.