చెలక గట్టు మీద ఏది మేలు: జీలుగా, ఈతా, తాటా?

మా బావమరిది మారేడుమిల్లి వెళ్లి, తాటి జాతికే చెందిన అడవి చెట్టు జీలుగు కల్లు రుచి చూసి, ఒక సంచీ నిండా ఆ పండ్లు మోసుకొచ్చాడు. "బావా, ఇబ్రహీంపట్నం చెలక గట్టు చుట్టూ ఇవే పెడదాం. ఈత, తాటి అందరూ పెట్టేవేగా" అన్నాడు. పండ్లను ఒట్టి చేతులతో పిసికి గింజ తీశాడు. రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాడు. ఆ గుజ్జులో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. శాస్త్రీయ నామం కారియోటా యూరెన్స్‌లో 'యూరెన్స్' అంటేనే మంట పెట్టేదని. పునుగుపిల్లి మాత్రం ఈ పండ్లనే ఇష్టంగా తిని, గింజల్ని అడవంతా చల్లుతుంది.

వాడి మోజు అర్థంలేనిదేమీ కాదు. చేప తోకల్లాంటి ఆకులు, జడల్లా వేలాడే గెలలు, చూడ్డానికి జీలుగుకు సాటి లేదు. మంచి చెట్టు గెల కోస్తే రోజుకు 20 లీటర్లు దాటి కల్లు ఇవ్వడమూ ఉంది. శ్రీలంకలో దీన్ని కితుల్ అంటారు. దాని నీరా (పులవని తీపి కల్లు) కాచి పాకం, బెల్లం చేస్తారు. మట్టల మొదట్లోని నల్లటి నారతో బ్రష్షులు కడతారు. మాను లోపలి గుజ్జు దంచి కడిగితే సగ్గుబియ్యం లాంటి పిండి దిగుతుంది. మన్యంలో కరువు రోజుల్లో ఆకలి తీర్చింది అదే.

అయితే ఇది నీడా తేమా ఉన్న కొండలోయల చెట్టు. మన దగ్గర ఏడాదికి 800 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన, కింద రాతి నేల, మేలో 40 దాటే ఎండ. గట్టు మీద పెడితే వడగాలికి ఆకులు మాడిపోతాయి.

అసలు సంగతి ఇంకొకటుంది. జీలుగు పది పదిహేనేళ్లు పెరిగాకే పూతకొస్తుంది. పూత పైనుంచి మొదలై కణుపు కణుపుకీ కిందికి దిగుతుంది. చివరి గెల అయిపోతే చెట్టే చచ్చిపోతుంది. సికింద్రాబాద్ ఇంటి పెరట్లో మా నాన్న నాటింది అలాగే ఎండిపోయింది. రెండు ప్రహరీల మధ్య ఆ మానును ముక్కలు ముక్కలుగా దింపించడానికి అయిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నర్సరీల్లో ఫిష్‌టెయిల్ పామ్ అని అమ్మేవాటిలో చాలామటుకు పొదలా పెరిగే వేరే రకం. అందులో ఒక కాండం పోయినా పక్కది లేస్తుంది. ఇంటి ముందుకైతే అదే నయం, కల్లు మాత్రం ఆశించకండి.

తాటి సంగతి వేరు. ఎండకు జంకదు, వందేళ్లు నిలుస్తుంది, వేసవిలో ముంజలు, చలికాలంలో గేగులు (తేగలు). కానీ మొలక ముందు నేలలోకే దిగుతుంది కాబట్టి తీసి నాటడం కష్టం, టెంక ఎక్కడ పెడితే చెట్టు అక్కడే. గీతకు రావాలంటే పదిహేనేళ్ల పైమాటే. అప్పటిదాకా అది పోతో (మగదో), పండో (కాయలు కాసే ఆడదో) కూడా తెలియదు. ముంజల కోసమే పెట్టినవాడికి సగం చెట్లు పోతులైతే నీరసమే.

నా ఓటు ఈతకు. ఏడెనిమిదేళ్లకు గీతకొస్తుంది, మొరం నేలలోనూ బతుకుతుంది, చాపలకూ చీపుర్లకూ ఆకు, పిల్లలకు పండ్లు. హరితహారంలో గట్ల మీదా చెరువుల పక్కనా ఈత మొక్కలు నాటించింది ఊరికే కాదు. 2023లో నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచాక నగరంవాళ్లకూ నీరా మీద గురి కుదిరింది. కాకపోతే ఎక్సైజ్ లైసెన్సున్న గౌడన్న దొరక్కపోతే ఏ చెట్టయినా ఒకటే. మా చెలక పక్క ఊళ్లో మోకు కట్టేవాళ్లు ఇద్దరే మిగిలారు. ముందు వాళ్లనడిగి, ఆ తర్వాతే గుంతలు తీయించాను.

గట్టు మీద ఈత, మూలల్లో నాలుగు తాటి టెంకలు పెట్టాం. బావమరిది గింజలు కుండీల్లో ఉన్నాయి. మూడు నెలలైనా మొలవలేదు. జీలుగుకు అది మామూలే. మొలిచినవాటిలో రెండు బావి పక్కన మామిడి నీడన పెడతాం. మిగతావి వాడింటికే.