పక్కన నిలబడే అంగరక్షకుడా, ముందే వెళ్లి చూసొచ్చేవాడా: ఏది మేలు?

బాడీగార్డ్ అనగానే నల్లకళ్లద్దాలు, చెవిలో తీగ, విశాలమైన భుజాలు గుర్తొస్తాయి. ఇదే పనిలో ఇంకో రకం మనుషులూ ఉంటారు. కాపాడాల్సిన వ్యక్తి రాకముందే ఆ చోటికి వెళ్లి ఏ దారి ఎటు పోతుందో, వెనకనుంచి ఎవరు రాగలరో, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో చూసుకుంటారు. ఫొటోల్లో మాత్రం కనబడరు. రెండింటికీ స్తోమత లేనప్పుడు ఎవరిని పెట్టుకోవాలి?

పక్కన ఉండేవాడి విలువ 1981 మార్చి 30న తెలిసింది. వాషింగ్టన్‌లో హిల్టన్ హోటల్ బయట అమెరికా అధ్యక్షుడు రీగన్ వైపు ఆరు తూటాలు పేలాయి. రెండు సెకన్లు కూడా పట్టలేదు. అంగరక్షకుడు టిమ్ మెకార్తీ తన ఒంటినే అడ్డుపెట్టి కడుపులో తూటా దిగనిచ్చాడు. మరో అంగరక్షకుడు జెర్రీ పార్ అధ్యక్షుణ్ణి కారులోకి తోసేశాడు. రీగన్ నోటివెంట నురగ రక్తం చూసి, వైట్‌హౌస్‌కు పోతున్న కారును ఆసుపత్రికి మళ్లించిందీ ఆయనే. ఆ మలుపే ప్రాణం నిలిపింది. కాపలావాళ్లలో ఒక్కరూ తిరిగి కాల్పులు జరపలేదు. సినిమాలు చూసి అపోహ పడతాం గానీ, ఈ ఉద్యోగంలో మొదటి పని శత్రువును పడగొట్టడం కాదు, మనిషిని అక్కణ్ణుంచి తప్పించడం.

అయితే కాల్చినవాడు నిలబడింది ఎక్కడ? తనిఖీ లేకుండా జనం చేరిన తాడు వెనక, విలేకరుల మధ్య. ముందురోజు చేయాల్సిన పని చేసి ఉంటే మెకార్తీకి ఆ తూటా తగిలేదే కాదు. అధ్యక్షుడి కార్యక్రమాలకు వచ్చే జనాన్ని మెటల్ డిటెక్టర్లతో తనిఖీ చేయడం ఆ తర్వాతే మామూలైంది.

2022 జులై 8న జపాన్‌లోని నారాలో కథ వేరేలా ముగిసింది. మాజీ ప్రధాని షింజో అబే రోడ్డు మధ్యలో ప్రసంగిస్తుంటే హంతకుడు వెనకనుంచి నడిచొచ్చాడు. మొదటి తూటా తగల్లేదు. రెండోదానికి మూడు సెకన్ల లోపే వ్యవధి. రక్షకులు పక్కనే ఉన్నారు, కానీ వెనకవైపు కాపలా బలహీనం. అదే చోట అంతకుముందు జరిగిన ఇంకో నాయకుడి సభ ఏర్పాట్లనే దాదాపుగా అనుసరించారని తర్వాతి విచారణలో తేలింది. జాతీయ పోలీసు అధిపతి రాజీనామా చేశారు. మూడు సెకన్లలో ఎంతటి వస్తాదైనా చేయగలిగింది తక్కువే.

నా ఓటు ముందే వెళ్లి చూసొచ్చేవాడికే. ఒక్క మినహాయింపు ఉంది. ముప్పు తూటా నుంచి కాక తోపులాట నుంచో, వెంటపడే అభిమాని నుంచో, జేబుదొంగ నుంచో అయితే, కళ్లెదుట కనబడే భారీ మనిషే మేలు. చూసి వెనక్కి తగ్గేవాళ్లే ఎక్కువ. కానీ పేరు లేని మనిషి చుట్టూ అలాంటి దండును పెడితే, "ఇతనెవరో గొప్పవాడు" అని మనమే చాటినట్టవుతుంది.

ఈ రెండిట్లో ఏదీ పనికిరాని ముప్పు ఇంకోటుంది. 1984లో ఇందిరాగాంధీనీ, 2011లో పాకిస్తాన్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌నూ చంపింది సొంత కాపలావాళ్లే. అక్కడ ఎంపికలో జాగ్రత్త తప్ప దారి లేదు.

మనిషిని పెట్టుకునేటప్పుడు "నేను రేపు ఫలానా చోటికి వెళ్తున్నాను, ఇవాళ నువ్వేం చేస్తావు?" అని అడగండి. ఎత్తు, బరువు, తుపాకీ లైసెన్సు గురించే చెప్పుకుపోతే ఇంకొకర్ని చూసుకోండి.