ఉస్మానియా బతుకమ్మ చూడాలంటే సద్దులకు ముందే వెళ్ళాలి

నాలుగేళ్ళ కిందట సద్దుల బతుకమ్మ నాడు, అంటే తొమ్మిది రోజుల పూల పండగలో చివరి రోజున, పని మీద హైదరాబాద్ వెళ్ళి, సాయంత్రం ఉస్మానియా క్యాంపస్‌లో ఆట చూద్దామని ఆర్ట్స్ కాలేజీ దాకా పోయాను. నడకకు వచ్చిన నలుగురు పెద్దమనుషులు తప్ప అక్కడ ఎవరూ లేరు. ఇంత పెద్ద యూనివర్సిటీలో పండగ పూట ఒక్క పాటైనా వినబడదేమిటని మనసు చిన్నబోయింది. తర్వాత మా చెల్లె అక్కడ ఎం.ఏ.లో చేరింది. సంగతి చెప్తే పెద్దగా నవ్వింది. "సద్దులకు హాస్టల్ల ఎవరుంటరక్కా? అందరం ఇంటికి పోతం గదా! మా ఆట సెలవులియ్యక ముందే అయిపోతది" అంది.

అందుకే పోయిన ఏడాది అమ్మను తీసుకుని, దసరా సెలవులకు రెండు రోజుల ముందు జగిత్యాలలో బస్సెక్కాను. ఎక్స్‌ప్రెస్ కాబట్టి ఇద్దరికీ టికెట్టు సున్నా. 2023 డిసెంబర్ నుంచి అమలవుతున్న, ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం లేకపోతే అమ్మ ఇన్నిసార్లు చెల్లెను చూడటానికి వెళ్ళేదే కాదు. ఆధార్ కార్డు మాత్రం చేతిలో పెట్టుకోండి. జూబ్లీ బస్టాండుకు ఐదు గంటల పైనే పట్టింది. అమ్మ ఒళ్ళో తడిగుడ్డలో చుట్టిన గునుగు, పక్కన సంచిలో తంగేడు. పట్నంలో పూలు దొరకవా అంటే వినలేదు. "కొన్న పువ్వు వేరు, తెంపిన పువ్వు వేరు" అంది.

మొదటి రాత్రి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. పద్నాలుగు వందలు. లిఫ్ట్ ఉందని బుకింగ్‌లో రాశారు. తీరా వెళ్తే అది పాడై చాలా రోజులైందట. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మూడంతస్తులు ఎక్కింది. ముందే ఫోన్ చేసి చెప్పి ఉంటే వేరే చోటు చూసుకునేవాళ్ళం కదా. ఆ ప్రాంతంలో అర్ధరాత్రి కూడా ఇడ్లీ దొరుకుతుంది, ఎటు పోవాలన్నా బస్సు ఉంటుంది, కానీ నిద్ర పట్టదు. రెండో రాత్రి తార్నాకలో చిన్న హోటల్‌కు మారాం. ఐదు వందలు ఎక్కువే అయినా గది కింది అంతస్తులో ఇచ్చారు, వేడినీళ్ళు వచ్చాయి. పువ్వులు వాడకుండా బకెట్టు అడిగితే, పని చేసే అబ్బాయి రెండు తెచ్చి నీళ్ళు కూడా నింపి పెట్టాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు తార్నాకే నయం.

క్యాంపస్‌కు మెట్రో సులువు. జూబ్లీ బస్టాండు పక్కనున్న పరేడ్ గ్రౌండ్స్ నుంచి నాగోల్ వైపు రైలెక్కితే తార్నాక మూడో స్టేషన్. అక్కడి నుంచి ఆటో. ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ కూడా ఉంది, కాకపోతే రైలు వేళలు చూసుకుని బయలుదేరాలి. లోపల దూరాలు ఎక్కువ, మంచినీళ్ళ సీసా వెంట ఉండాలి.

ఇక ఆర్ట్స్ కాలేజీ భవనం. ఎన్ని ఫొటోలు చూసినా, గులాబీ రంగు గ్రానైట్ మీద మూడు గంటల ఎండ పడినప్పుడు దాని ముందు నిలబడితే వేరు. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన యూనివర్సిటీ ఇది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది పడి, 1939లో ప్రారంభమైంది. 1969లోనూ, మళ్ళీ 2009లోనూ తెలంగాణ కోసం విద్యార్థులు గొంతెత్తింది ఈ ఆవరణలోనే. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండగ అయింది. ఆ ముంగిట్లో ఆడపిల్లలు పూలు పేర్చుకుని కూర్చుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

మధ్యాహ్నం నుంచే చెట్ల నీడన పేర్చడం మొదలైంది. హాస్టల్లో బతుకమ్మ పేర్చే సిబ్బి ఎక్కడిది? వెడల్పాటి స్టీలు పళ్ళెం తెచ్చారు. అడుగున గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు వరస వేశారు. గునుగు దగ్గర వచ్చింది చిక్కు. పిల్లలు కొన్న గునుగు పొట్టి పొడుగుగా ఉంది, రంగు అద్దినా సరిగా పట్టలేదు. అమ్మ ఇక ఆగలేకపోయింది. చీర కొంగు దోపుకుని కూర్చుని, తను తెచ్చిన గునుగును పిడికెడు చొప్పున తీసుకుంది. తలలన్నీ సమంగా వచ్చేలా నేలకు తట్టి, దారంతో కట్టి, కాడలు ఒకే కొలతకు కోసింది. సగం తెల్లగానే ఉంచి, మిగతా సగాన్ని కాడలు పట్టుకుని రంగునీళ్ళలో ముంచి తలకిందులుగా ఆరబెట్టింది. "నడుమ గట్టిగ నింపుండ్రి బిడ్డా, లేకుంటే ఆటల ఒరుగుతది" అంటూ కోసిన కాడలూ ఆకులూ మధ్యలో కుక్కించింది. బంతి, చామంతి వరసలయ్యాక పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ కూర్చుంది. ఎత్తు నా మోకాలు దాటింది.

ఆట మొదలయ్యాక నేను గమనించింది ఒకటి. మా ఊళ్ళో అందరికీ ఒకటే రాగం. ఇక్కడ పాలమూరు అమ్మాయిలు "వలలో" అని ఎత్తుకుంటే మావైపు పిల్లలు మొదట అందుకోలేకపోయారు. నాలుగు చుట్లు తిరిగేసరికి నేర్చుకున్నారు. తర్వాత మా చెల్లె "ఉయ్యాలో" అందుకుంది, అడుగు మారింది, చప్పట్ల లెక్క మారింది. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ అంటూ ఒక్కో వైపు అమ్మాయి ఒక్కో పాట ముందుండి చెప్తుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. ఊళ్ళో ఉండి ఎన్నేళ్ళు ఆడినా ఇన్ని రాగాలు ఒక్క సాయంత్రం వినలేను. మరుసటి ఏడు ఏ ఊరి వాకిట్లోనో ఈ పిల్లల వల్ల కొత్త పాట ఒకటి వినబడుతుంది కూడా.

నగరంలో మరో మైదానంలో ఇంకోసారి ఆడాను. నిలువెత్తు డీజే పెట్టెలు పెట్టి, రికార్డు పాట వేశారు. పక్కనున్న మనిషి గొంతు కూడా వినపడలేదు. బతుకమ్మ పాట ఒకరు చెప్తే పదిమంది అందుకునేది. పెట్టె పాడితే మనం ఊరికే తిరుగుతున్నట్టే ఉంటుంది. సద్దుల నాటి ట్యాంక్‌బండ్ దీపాలు చూడటానికి బాగుంటాయి, పిల్లలకు చూపించండి. ఆడాలని ఉంటే మాత్రం క్యాంపస్‌కే రండి.

చీకటి పడ్డాక వాయినాలు. కాగితం పొట్లాల్లో నువ్వుల పొడి, పల్లీల పొడి. "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ ఇచ్చిపుచ్చుకున్నారు. అమ్మకు పదకొండు పొట్లాలొచ్చాయి. ఒక అమ్మాయి వాళ్ళమ్మ పోయి ఏడాది కూడా కాలేదట. పొట్లం ఇచ్చి చాలాసేపు అమ్మ చెయ్యి వదల్లేదు.

తెల్లారి చెల్లెతో కలిసి జూబ్లీ బస్టాండుకు వచ్చాం. రాత్రి ఆడిన పిల్లల్లో మావైపు వాళ్ళు చాలామంది అక్కడే కనబడ్డారు, భుజాన సంచులతో, నుదుట ఇంకా గౌరమ్మ పసుపుతో. మా బస్సులో సీట్లు నిండిపోయాయి. అమ్మ మిగిలిన గునుగు కట్టను ఒళ్ళో పెట్టుకుని, నిలబడ్డ ఒక అమ్మాయికి జరిగి చోటిచ్చింది. శామీర్‌పేట దాటకముందే ఆ అమ్మాయి నిన్నటి పాలమూరు పాట మెల్లగా అందుకుంది.