ఆక్సిజన్ బ్లీచ్ పొడి చాలాకాలం వాడాక: తువ్వాళ్లకు తిరుగులేదు, జిమ్ బట్టలకు మాత్రం షరతులు

దండెం మీద ఉన్నంతసేపూ తువ్వాలు బాగానే ఉంటుంది. ఒళ్లు తుడుచుకోగానే గుప్పున ముక్క వాసన. ఈ ఒక్క జబ్బుకు ఆక్సిజన్ బ్లీచ్ పొడిని మించింది నాకింతవరకూ దొరకలేదు. వెనిగర్, వంటసోడా, సువాసన కండిషనర్... ఏదీ దీని దరిదాపులకు రాదు. కండిషనరైతే పైపెచ్చు చేటు. నూలు పోగుల మీద జిడ్డుగా పేరుకుని, తువ్వాలు నీళ్లు పీల్చకుండా చేసి, లోపలి కంపును లోపలే ఉంచుతుంది.

డబ్బా మీద పేరేదైనా, పదార్థాల జాబితాలో సోడియం పెర్‌కార్బొనేట్ ఉందో లేదో చూసుకోండి. బట్టల సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ జతకట్టిన తెల్లటి పలుకులవి. అసలు సరుకైతే బరువులో దాదాపు మూడో వంతు పెరాక్సైడే. జిడ్డు సంగతి సోడా చూసుకుంటుంది, వాసన పుట్టించే బ్యాక్టీరియా సంగతి పెరాక్సైడ్ చూసుకుంటుంది. ఉతికినా వదలని ఈ కంపుకు మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా కారణమని 2012లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఎండకూ ఎండుదనానికీ అది అంత తేలిగ్గా చావదు. కరకరలాడేలా ఎండిన తువ్వాలు కూడా తడవగానే మళ్లీ కంపుకొట్టేది అందుకే.

కిటుకంతా నీళ్ల వేడిలో ఉంది. ‘చల్లటి నీళ్లలోనూ పనిచేస్తుంది’ అని డబ్బా మీద రాస్తారు గానీ, 30 డిగ్రీల దగ్గర దీని పని నత్తనడకే. 50 నుంచి 60 మధ్యలో అసలు బలం బయటపడుతుంది. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు. ప్లాస్టిక్ బకెట్‌లో ఐదు లీటర్ల కుళాయి నీళ్లు పోసి, ఐదు లీటర్ల మరిగిన నీళ్లు కలిపితే 60కి దగ్గరగా వస్తుంది. అందులో రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాముల పొడి వేసి, కర్రతో తిప్పి, పూర్తిగా కరిగాకే బట్టలు ముంచాలి. కరగని పలుకు రంగు బట్ట మీద కూర్చుంటే అక్కడ వెలిసిన మచ్చ పడుతుంది. గంట చాలు. తర్వాత మామూలుగా ఉతికి, రెండుసార్లు జాడించాలి. చేతులకు గ్లౌజులు మానొద్దు, ఒట్టి చేతులతో పిండితే చర్మం జారుడుగా అయి మండుతుంది. వెనకటికి చాకిరేవుల్లో చౌడు వేసి బట్టలు ఉడకబెట్టడంలో ఎంత లెక్క ఉందో ఈ బకెట్ చెబుతుంది.

ఇక జిమ్ టీషర్టుల గొడవ. మొదట్లో వాటికీ ఇది బ్రహ్మాండమే అనిపించింది. కొన్నాళ్లకు ఇస్త్రీపెట్టె ఆనగానే చంకల దగ్గర పాత కంపు లేవడం మొదలైంది. ఇస్త్రీ చేయనివి వేసుకున్న పావుగంటకే బయటపడ్డాయి. పొడి మోతాదు పెంచినా ఫలితం లేదు. పాలిస్టర్ నీళ్లను పెద్దగా పీల్చదు గానీ ఒంటి నూనెను గట్టిగా పట్టుకుంటుంది. ఆ జిడ్డు వదలకుండా ఎంత పెరాక్సైడ్ పోసినా పైపైనే తిరిగి వస్తుంది. కుదిరిన పద్ధతి ఇది: టీషర్టు లోపలివైపు బయటికి తిరగేసి, ఎంజైములున్న డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టాలి. చంకల దగ్గర మెత్తటి బ్రష్‌తో రుద్ది, జాడించి, ఆ తర్వాతే ఆక్సిజన్ బ్లీచ్‌లో వేయాలి. రెండూ ఒకే వేడి బకెట్‌లో పడేస్తే ఎంజైములు త్వరగా పనికిరాకుండా పోతాయి. సాగే గుడ్డైతే 40 డిగ్రీలు దాటనీయకుండా రెండు గంటలు ఉంచడం మేలు. ఇంత చేసినా బాగా పాతబడ్డ టీషర్టుల్లో కొన్ని లొంగలేదు. కాబట్టి ‘ఏ కంపైనా పోతుంది’ అని మాత్రం నేననను.

పట్టు, ఉన్ని దీని జోలికి పోకూడదు. ఇనుప హుక్కులు, తుప్పు మరకలు ఉన్న బట్టలదీ అదే దారి. ఇనుము తగిలితే పెరాక్సైడ్ అక్కడికక్కడే ఒక్కసారిగా విరిగి, చుట్టూ గుడ్డ చివికి చిల్లులు పడొచ్చు. ఇందులో వెనిగర్ కలపొద్దు, ఘాటైన పెరాసిటిక్ ఆమ్లం పుట్టొచ్చు. కలిపిన నీళ్లను సీసాలో పోసి మూత బిగించి దాచొద్దు, లోపల ఆక్సిజన్ పోగై సీసా పగిలే ప్రమాదం ఉంది.

వానాకాలంలో తడి చెంచా పెడితే పొడి గడ్డకట్టి సత్తువ పోతుంది. అనుమానముంటే గ్లాసు వేడినీళ్లలో చిటికెడు వేసి చూడండి. కాసేపటికి బుడగలు లేవకపోతే డబ్బాలో మిగిలింది ఒట్టి సోడాయే.

మా ఇంట్లో గీజర్ ఉంది, మున్సిపల్ నీళ్లు వస్తాయి, ఎక్కువగా నూలు బట్టలే. ఆ లెక్కన మళ్లీ మళ్లీ కొంటాను. ఇనుము ఉన్న బోరు నీళ్లతోనే ఉతికేవాళ్లకు ఇంత ఫలితం రాకపోవచ్చు. ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి పాత తువ్వాలు మీద వేసి చూసుకోవడం నయం.