విజయనగరం నుంచి విశాఖకి: కారా, రైలా?
రెండూ చేశాను కాబట్టి చెప్తున్నా. కారులో ఆనందపురం దాకా హాయిగానే ఉంటుంది గానీ, హనుమంతవాక చేరేసరికి క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమకాలు పీకేస్తుంది, పైగా దిగాక పార్కింగ్ కోసం వీధులన్నీ తిరగాలి. దూరం సుమారు 60 కిలోమీటర్లు, లీటరుకి 15 ఇచ్చినా 4 లీటర్ల పెట్రోలు, అంటే ఒక్క మనిషి ప్రయాణానికి దాదాపు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్! రైలైతే కొత్తవలస మీదుగా కరెంటుతో నడుస్తూ, వందలమందిని ఒకేసారి మోసుకెళ్తుంది. పొద్దున్న రద్దీలో నిలబడాల్సి వస్తుంది, నిజమే, అయినా దిగగానే సిటీబస్సు ఎక్కేయొచ్చు, టెన్షన్ లేదు.

అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లే రోజు మాత్రం కారే. ఆ మోకాళ్లతో స్టేషన్ మెట్లు ఎక్కలేదు పాపం. మిగతా రోజులు నాకు రైలే.